బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక: నోటి క్యాన్సర్ కాగితాన్ని లైను లైనుగా చదవడం

ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే. నోట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అదేమిటో కాగితం మీద రాయడం. నేను ఓరల్ పాథాలజిస్టుని. రోగులు నన్ను చూడరు, నేను రాసిన కాగితాన్నే చూస్తారు. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, బతుకుతాడా లేదా, ఆ ఒక్క మాట చెప్పండి" అని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క మాట అందులో ఉండదు. కానీ దాదాపు ప్రతి లైనులోనూ ఒక నిర్ణయం ఉంటుంది. మెడకు కూడా ఆపరేషన్ చెయ్యాలా, కరెంటు (రేడియేషన్) పెట్టాలా, దానికి కీమో కలపాలా అన్నది ఆ లైన్లే చెబుతాయి. అవి ఊరికే వచ్చి చేరలేదు. ఒక్కో లైను వెనక ఏళ్ల తరబడి సాగిన పరిశోధన, అందులో చేరడానికి ఒప్పుకున్న వందల మంది రోగులు ఉన్నారు.

ఆ కాగితాన్ని మీరే చదువుకుని, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి ఇది రాస్తున్నాను. మొదలు మాత్రం కాగితం రాకముందు నుంచే పెడతాను. నేను చూసినంతలో ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది.

ముక్క తీయించడానికి ముందు

మా పిన్నికి నాలుక కుడి పక్కన పుండు లేచింది. ఎదురుగా విరిగిన పన్ను అంచు ఉంది, అదే గీసుకుంటోందనుకుంది. ఫోనులో నాకు చెప్పింది. "పన్ను అరగదీయించుకో పిన్నీ, తగ్గిపోతుంది" అన్నాను. అరగదీయించుకుంది. తగ్గిందా అని నేను మళ్లీ అడగలేదు. నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని తనూ చెప్పలేదు. పైపూత మందు రాసుకుంటూ గడిపేసింది. తర్వాతెప్పుడో ఫోను చేస్తే మాట కాస్త ముద్దగా వస్తోంది. అప్పుడు పరుగెత్తాను. అప్పటికి పదకొండు వారాలు. రోజూ ఎవరెవరి నాలుక ముక్కలో చూసే నేను, మా అమ్మ చెల్లెలి నాలుక చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పదకొండు వారాలే.

కాబట్టి మొదటి నియమం ఇది. నోట్లో పుండు గానీ, మచ్చ గానీ, గడ్డ గానీ కారణం తీసేశాక కూడా రెండు వారాలు దాటి ఉంటే ముక్క పరీక్ష చేయించాలి. రెండు వారాలే ఎందుకంటే, నోటి లోపలి పొర చర్మం కంటే చాలా త్వరగా కొత్తది వేసుకుంటుంది. పన్ను గీరుకున్న పుండు, కాలిన పుండు, మామూలు నోటిపూత ఆ లోపు మానిపోతాయి. మానలేదంటే మానకుండా ఆపుతున్నది ఏదో ఉంది. పన్ను అరగదీయించిన రోజే క్యాలెండరు మీద పద్నాలుగో రోజుకు గుర్తు పెట్టుకోండి. ఆ రోజు వేరొకరి చేత చూపించుకోండి. నొప్పి తగ్గిందా లేదా అని లెక్క వేసుకోవద్దు. మొదటి దశలో చాలాసార్లు నొప్పే ఉండదు.

ఇంట్లో చూసుకోవడం కష్టం కాదు. కట్టుడు పళ్లుంటే తీసేసి, అద్దం ముందు టార్చి పట్టుకుని నిలబడాలి. పెదవులు తిప్పి చూడాలి. బుగ్గలు లాగి, చిగుళ్ల చివరి దాకా చూడాలి. నాలుక బయటపెట్టి, శుభ్రమైన గుడ్డతో కొస పట్టుకుని ఒక పక్కకు, మళ్లీ రెండో పక్కకు లాగి చూడాలి. నాలుక పక్కలు, నాలుక కింద నేల, ఈ రెండూ ప్రమాదం ఎక్కువున్న చోట్లు, జనం ఎప్పుడూ చూడని చోట్లు కూడా. చూడటం అయ్యాక శుభ్రమైన వేలితో తడమాలి. మెత్తటి నాలుకలో ఒకచోట గట్టిగా, అట్టలా తగిలిందంటే ఆ గట్టిదనం కంటికి కనబడే పుండు కంటే ముఖ్యం. దవడ కింద, మెడ రెండు పక్కలా తడిమి గడ్డలున్నాయేమో చూసుకోవాలి. చివరగా నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పట్టించి చూడాలి. ఇంతకుముందు పట్టి, ఇప్పుడు పట్టకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. వక్క నమలడం వల్ల బుగ్గల లోపల నారలా బిగుసుకుపోయే జబ్బు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది మొదలవడం ఇలాగే మొదలవుతుంది. వక్క, అందులో పొగాకు కలపకపోయినా, క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

మచ్చ రంగు గురించి ఒక మాట. అందరూ తెల్లమచ్చకు భయపడతారు. నేను ఎర్రమచ్చకు ఎక్కువ భయపడతాను. షేఫర్, వాల్డ్రన్ అనే ఇద్దరు పాథాలజిస్టులు 1975లో 65 ఎర్రమచ్చల ముక్కలు చూసి రాసిన పేపరు మా చదువులో తప్పక వచ్చేది. వాటిలో సగం అప్పటికే క్యాన్సర్. మిగతావాటిలో ఎక్కువ భాగం దాని గుమ్మంలో ఉన్నవి. మఖమల్ గుడ్డలా ఎర్రగా, నొప్పి లేకుండా, కారణం తెలియకుండా ఉన్న మచ్చకు రెండు వారాలు ఆగాల్సిన పని కూడా లేదు.

కంటితో చూసినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకునేవారికి కేరళలో జరిగిన పరిశోధన చెప్పాలి. తిరువనంతపురం జిల్లాలో 1996లో శంకరనారాయణన్ బృందం 13 పంచాయతీలను రెండు జట్లుగా చేసింది. ఒక జట్టులో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, 35 ఏళ్లు దాటినవారి నోళ్లు టార్చితో చూశారు. రెండు జట్లలో కలిపి లక్షా 90 వేల మందికి పైగా ఉన్నారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం, పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మొత్తం జనంలో తేడా అంత గట్టిగా తేలలేదు. అంటే చూసే కన్ను ఎవరి నోటి మీద పెట్టాలో కూడా ఆ పరిశోధనే చెప్పింది. ఖరీదైన యంత్రం ఏదీ వాడలేదు.

యంత్రాల మాట వచ్చింది కనుక చెబుతాను. నీలం రంగు పూసి చూడటం, ప్రత్యేకమైన లైటు వేసి చూడటం, బ్రష్‌తో రుద్ది కణాలు తీయడం లాంటి పరీక్షలు చాలా ఉన్నాయి. లాలాజలంలో గుర్తులు వెతికే పరీక్షల మీద, ఫోను ఫోటో చూసి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముల మీద పరిశోధన జోరుగా సాగుతోంది. అవి ఎదగాలనే నా కోరిక. కానీ 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఈ సాయపడే పరీక్షల లెక్కలన్నీ పరిశీలించి, అనుమానం ఉన్న మచ్చకు వీటిలో ఏదీ ముక్క పరీక్షకు బదులు కాదని చెప్పింది. లైటు వేసి "బాగానే ఉంది" అని ఎవరైనా పంపించేస్తే, రెండు వారాల నియమం రద్దు కాలేదని గుర్తుంచుకోండి.

ముక్క తీసే రోజు

కత్తి తగిలితే జబ్బు పాకుతుందనే భయంతో వాయిదా వేసేవారిని చాలామందిని చూశాను. ముక్క చూడకుండా ఏ సర్జనూ ఎంత కొయ్యాలో నిర్ణయించలేరు, ఏ డాక్టరూ కరెంటు రాయలేరు. భయపడాల్సింది ఆ వాయిదాకే.

తీసే ముక్క మంచిదైతేనే నేను మంచి రిపోర్టు రాయగలను. పుండు మధ్యలోంచి తీస్తే చచ్చిన కణాలు, చీము వస్తాయి. పుండు అంచు దగ్గర, పక్కనున్న మంచి భాగం కొంచెం కలిసేలా, తగినంత లోతుగా తీయాలి. మచ్చ పెద్దదై, ఒకచోట ఎర్రగా, ఒకచోట గరుకుగా ఉంటే రెండు మూడు చోట్ల తీయాలి. "ఎక్కడి నుంచి తీస్తున్నారు డాక్టర్, ఎర్రగా ఉన్నచోట కూడా తీస్తారా?" అని అడగడంలో తప్పేమీ లేదు. తీసిన ముక్క వెంటనే ఫార్మలిన్‌లో, అంటే అది పాడవకుండా ఉంచే ద్రవంలో పడాలి. నీళ్లలోనో సెలైన్‌లోనో వేసి పంపితే నా దగ్గరకు వచ్చేసరికి పాడైపోతుంది. అలాంటివి నేను చూశాను. రోగి మళ్లీ కత్తి కింద కూర్చోవాల్సి వచ్చింది.

ముక్కతో పాటు వచ్చే ఫారం ఖాళీగా రావడం నన్ను బాధపెట్టే ఇంకో విషయం. ఎన్ని వారాలుగా ఉంది, ఏ చోట, అలవాట్లేమిటి, ఇంతకుముందు ముక్క తీశారా, ఇవన్నీ రాయించండి. "నాలుక" అని ఒక్క మాట రాసి పంపితే, అది కుడి పక్కో, వెనక మొదలో నాకు తెలియదు. నాలుక ముందు భాగం వేరు, గొంతులో ఉండే నాలుక మొదలు వేరు. గొంతు క్యాన్సర్లలో హెచ్‌పీవీ అనే వైరస్ పాత్ర పెద్దది, అక్కడ పీ16 అనే పరీక్షతో స్టేజి లెక్కే మారిపోతుంది. నోటి క్యాన్సర్‌లో దానికి ఆ విలువ లేదు.

"డిస్‌ప్లేసియా" అని వస్తే

ఇది క్యాన్సర్ కాదు. కణాల వరస, ఆకారం చెదిరాయని అర్థం. తక్కువ, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లుగా రాస్తాం. ఒక నిజం చెప్పాలి. ఒకే స్లైడు ఇద్దరు పాథాలజిస్టులు చూస్తే మధ్య మెట్టు దగ్గర అభిప్రాయం తేడా రావడం మామూలే. అందుకే ఇద్దరు చూసి రాయడం మంచి పద్ధతి. మీ రిపోర్టు ఒక్కరే చూసి ఉంటే, రెండో అభిప్రాయం కోసం స్లైడ్లు అడగండి. ఎవరూ నొచ్చుకోకూడదు, నేనైతే నొచ్చుకోను.

తీవ్రమైనదైతే మచ్చను పూర్తిగా తీసేస్తారు. తీసేసినా కథ అయిపోదు. 1953లో స్లాటర్ బృందం చెప్పిన మాట ఇప్పటికీ నిలబడింది. పొగాకు తగిలిన నోరు ఒక్క మచ్చ దగ్గరే కాదు, పొలమంతా పాడైనట్టు చుట్టూ కూడా మారి ఉంటుంది. కాబట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి, పొగాకు, వక్క పూర్తిగా మానాలి. మందు బిళ్ళతో దీన్ని ఆపగలమా అని ఎంతో వెతికారు. విటమిన్లు చూశారు. ఎర్లోటినిబ్ అనే మందు కూడా చూశారు. కణాల్లో కొన్ని క్రోమోజోము ముక్కలు పోయి, ప్రమాదం ఎక్కువున్నవారినే ఎంచుకుని చేసిన ఆ పరిశోధన 2016లో వెలువడింది. మందు క్యాన్సర్‌ను ఆపలేదు. కానీ ఆ క్రోమోజోము నష్టం ఉన్నవారికే క్యాన్సర్ ఎక్కువగా వస్తుందన్నది అందులోనే రుజువైంది. ఫలితం "లేదు" అని వచ్చిన పరిశోధన కూడా మాకు ఇలా దారి చూపిస్తుంది.

ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద రిపోర్టు

మొదటి ముక్క రిపోర్టు జబ్బు పేరు చెబుతుంది. చాలావరకు అది స్క్వామస్ సెల్ కార్సినోమా, నోటి క్యాన్సర్లలో 90 శాతానికి పైగా అదే. పక్కన వెల్, మోడరేట్, పూర్ అని గ్రేడు ఉంటుంది, అంటే కణాలు మామూలు కణాలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే మాట. ఇంట్లోవాళ్లు దాన్నే పట్టుకుని టెన్షన్ పడతారు. చికిత్సను మార్చే బలం గ్రేడుకు తక్కువ. మీరు వెతకాల్సినవి ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో ఉంటాయి, ఐదు ఉంటాయి. అన్నిటికంటే ముందు లోతు.

డెప్త్ ఆఫ్ ఇన్వేజన్ అని రాసి, మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. పుండు పైకి ఎంత వెడల్పుగా ఉందన్నది పాత కొలత. కిందికి ఎంత దిగిందన్నది ఇప్పటి కొలత. స్లైడు మీద పక్కనున్న మంచి పొర అడుగు దగ్గర ఒక గీత ఊహించుకుని, అక్కడి నుంచి దారం వదిలినట్టు నిట్టనిలువుగా, క్యాన్సర్ కణం దిగిన చివరి చోటు దాకా కొలుస్తాం. మందం వేరు, లోతు వేరు. పైకి గోబీ పువ్వులా ఉబ్బిన గడ్డ మందంగా ఉన్నా లోతు తక్కువ ఉండొచ్చు. గుంటపడిన పుండు పలచగా కనబడినా లోతు ఎక్కువ ఉండొచ్చు. నాలుక క్యాన్సర్‌లో మందానికీ బతుకుకూ సంబంధం ఉందని 1986లోనే స్పైరో బృందం చూపించింది. అంతర్జాతీయంగా వేల మంది రోగుల లెక్కలు కలిపి చూశాక, 2018 జనవరి నుంచి అమలైన ఎనిమిదో ఎడిషన్ స్టేజి పద్ధతిలో లోతును చేర్చారు. అందులో టీ అంటే అసలు గడ్డ ఎంతుందో చెప్పే అంకె. 2 సెంటీమీటర్ల లోపు పుండు 5 మిల్లీమీటర్ల లోపు దిగితే టీ1. అదే పుండు 5 దాటి దిగితే టీ2. 2 సెంటీమీటర్లు దాటిన పుండు 10 దాటి దిగితే కనీసం టీ3.

పిన్ని పుండు వెడల్పు 1.6 సెంటీమీటర్లు. పాత లెక్కలో టీ1. లోతు 6 మిల్లీమీటర్లు. ఆ రిపోర్టు రాసింది నేను కాదు, నాకు చేతులు ఆడలేదు. మా సహోద్యోగి రాసి, స్లైడు నా ముందు పెట్టింది. నేను కొలిచినా ఆరే వచ్చింది. పదకొండు వారాల ముందు అది ఎంతుండేదో ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క మిల్లీమీటరు గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

మీ రిపోర్టులో లోతు అంకె లేకపోతే అడిగి రాయించుకోండి. ముక్కను దాచిన పాత మైనపు బ్లాకు నుంచి కొత్త స్లైడు కోసి కొలవవచ్చు.

రెండోది మెడ గ్రంథులు. "మెడలో గడ్డే లేదు, స్కానులో కూడా లేదు, మెడ ఎందుకు కొయ్యాలి?" అన్నది నేను ఎక్కువగా వినే ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. మొదటి దశ నోటి క్యాన్సర్‌లో చేతికి తగలకపోయినా సుమారు 20 నుంచి 30 శాతం మందిలో మెడ గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు దాగి ఉంటాయి. అందరికీ ముందే తీసెయ్యాలా, కనబడ్డాక తీస్తే చాలా అన్న వాదన దశాబ్దాల పాటు నడిచింది. దాన్ని తేల్చింది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి. అనిల్ డిక్రూజ్ బృందం 2004 నుంచి 2014 దాకా రోగులను చేర్చుకుని, చీటీ తీసినట్టు రెండు జట్లు చేసింది. మొదటి 500 మంది ఫలితం 2015లో వచ్చింది. ముందే మెడ గ్రంథులు తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు. కనబడ్డాక తీసినవారిలో 67.5 శాతం. ఈ అంకెల్ని ఇలా చూడండి: ముందే తీసిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరు అదనంగా బతికారు.

అయితే మెడ ఆపరేషన్ తర్వాత భుజం పట్టేయడం, తిమ్మిరి ఉంటాయి. అందుకే అందరికీ అన్నీ తీయకుండా, పుండు నుంచి నీరు మొదట చేరే గ్రంథిని మాత్రమే వెతికి తీసి చూసే సెంటినెల్ నోడ్ పద్ధతి మీద పరిశోధన జరిగింది. ఫ్రాన్స్‌లో 2020లో, జపాన్‌లో 2021లో వచ్చిన ఫలితాల్లో ఆ పద్ధతి పెద్ద ఆపరేషన్‌కు తీసిపోలేదు. అలవాటున్న బృందం ఉన్నచోటే అది నమ్మదగింది. మీ ఆసుపత్రిలో చేస్తారా, ఇప్పటిదాకా ఎందరికి చేశారు అని అడగండి.

రిపోర్టులో "31లో 1" అన్నట్టు రాసి ఉంటుంది. తీసిన గ్రంథులు 31, క్యాన్సర్ కణాలున్నది ఒకటి. పిన్నిది సరిగ్గా ఆ అంకే. దాని కిందే మూడో లైను ఉంటుంది, ఎక్స్‌ట్రానోడల్ ఎక్స్‌టెన్షన్. అంటే కణాలు గ్రంథి పై పెంకును చీల్చుకుని బయటికి వచ్చాయా అని. ఉందా లేదా అన్న ఈ ఒక్క మాట మీద కీమో ఆధారపడుతుంది. 2004లో యూరప్ నుంచి ఒకటి, అమెరికా నుంచి ఒకటి, రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాత కరెంటుతో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలిపితే మేలు ఎవరికని రెండిటి లెక్కలూ కలిపి చూస్తే, పెంకు చీలినవారికి, కోసిన అంచులో జబ్బు మిగిలినవారికి మేలు స్పష్టంగా కనబడింది. సిస్‌ప్లాటిన్ మూడు వారాలకోసారి పెద్ద మోతాదులో ఇవ్వడం పాత పద్ధతి. వారం వారం చిన్న మోతాదు ఇచ్చినా ఆపరేషన్ అయినవారిలో ఫలితం తగ్గలేదని, ఇబ్బందులు తక్కువని జపాన్ పరిశోధన 2022లో చూపింది. కిడ్నీ జబ్బు, వినికిడి లోపం ఉంటే ముందే చెప్పాలి. సిస్‌ప్లాటిన్ ఆ రెండిటినీ దెబ్బతీస్తుంది. దాన్ని తట్టుకోలేనివారికి డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు ఇవ్వవచ్చని టాటా మెమోరియల్ పరిశోధనే 2023లో తేల్చింది.

నాలుగోది మార్జిన్, కోసిన అంచు. 5 మిల్లీమీటర్లు అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది. అంతకంటే తక్కువైతే దగ్గరగా ఉందంటాం. సర్జన్ "సెంటీమీటరు వదిలి తీశాను" అన్నారు, రిపోర్టులో 6 మిల్లీమీటర్లే ఉంది, ఎవరిది అబద్ధం అని ఒకాయన నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎవరిదీ కాదు. కోసిన కండ వెంటనే ముడుచుకుంటుంది, ఫార్మలిన్‌లో ఇంకొంచెం కుదించుకుపోతుంది.

ఐదోది నరాల చుట్టూ కణాలు పాకాయా అన్నది. పాకితే కరెంటు వైపు మొగ్గు పెరుగుతుంది. పిన్నికి గ్రంథి పెంకు చీలలేదు, అంచు బాగుంది, కానీ నరం చుట్టూ ఉంది, ఒక గ్రంథిలో ఉంది. కాబట్టి కరెంటు, కీమో లేకుండా. ముప్పై రోజులు.

రిపోర్టు చదివాక తేదీలు చూసుకోండి

ఆపరేషన్ రోజు నుంచి ఆరు వారాల లోపు కరెంటు మొదలవ్వాలి. గాయం మానలేదనో, స్కాను తేదీ దొరకలేదనో ఇది జారిపోతూ ఉంటుంది. దాన్ని జారకుండా పట్టుకోగలిగేది ఇంట్లోవాళ్లే. ఆపరేషన్‌కు ముందే దంతవైద్యుణ్ణి కలవండి. తీసేయాల్సిన పళ్లు కరెంటుకు కనీసం రెండు వారాల ముందు తీసేయాలి. కరెంటు తగిలిన దవడలో తర్వాత పన్ను తీస్తే ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది. నోరు తెరిచే వ్యాయామం మొదటి రోజు నుంచే చెయ్యాలి. తర్వాత చూద్దామంటే దవడ వినదు.

కొత్త మందుల వార్త వచ్చినప్పుడు

మా బంధువులు వార్త పంపించి "ఇది పిన్నికి పనికొస్తుందా?" అని అడుగుతుంటారు. నేను చూసేవి మూడే. ఎవరి మీద చేశారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు.

ఉదాహరణకు పెంబ్రోలిజుమాబ్. శరీరం తన రక్షణ శక్తితో క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా చేసే మందు. 714 మందిపై చేసిన పరిశోధన 2025లో వచ్చింది, వారిలో సగం మందికి పైగా నోటి క్యాన్సర్ రోగులే. ఆపరేషన్‌కు ముందు రెండు మోతాదులు, తర్వాత మిగతావి, మామూలు చికిత్సతో కలిపి ఇచ్చారు. జబ్బు తిరగబెట్టకుండా, ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 30.4 నెలల నుంచి 51.8 నెలలకు పెరిగింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ అనుమతిచ్చింది. ఇప్పుడు మూడు ప్రశ్నలూ వేద్దాం. ఆపరేషన్ చేయగలిగే, కానీ ముదిరిన దశవారి మీద చేశారు. చిన్న పుండుకు ఇది వర్తించదు. పోల్చింది మామూలు చికిత్సతో, సరైన పోలికే. కొలిచింది జబ్బు లేని కాలం, మొత్తం ఆయుష్షు కాదు. అనుమతి కూడా పీడీ-ఎల్1 అనే పరీక్షలో అంకె 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవారికే. ఆపరేషన్ కాకముందే ఈ మందు గురించి అడగాలి. తర్వాత అడిగితే ఆ పద్ధతి దాటిపోయినట్టే.

ఆపరేషన్ కుదరని దశలో ఉన్నవారి కోసం చేసిన పని నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్ బృందం మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ అనే మామూలు బిళ్ళలను 2020లో సిస్‌ప్లాటిన్‌తో పోల్చింది. బిళ్ళలు వేసుకున్నవారు మధ్యస్థంగా 7.5 నెలలు, సిస్‌ప్లాటిన్ వారు 6.1 నెలలు బతికారు. తర్వాత ఎర్లోటినిబ్ కూడా కలిపిన బిళ్ళల వరసకు, పెంబ్రోలిజుమాబ్ లాంటిదే అయిన నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు మోతాదులో పదో వంతు కంటే తక్కువ చేర్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితంలో ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. మందు ఖరీదు చూసి వెనుదిరిగే కుటుంబాలకు డాక్టరును అడగడానికి ఒక ప్రశ్న దొరికింది: "తక్కువ మోతాదు పద్ధతి మాకు కుదురుతుందా?"

పరిశోధనలో చేరమని అడిగితే పారిపోకండి, గుడ్డిగా సంతకమూ పెట్టకండి. అది రిజిస్టరైందా, ఆ నంబరు ఏమిటి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, రెండో జట్టులో పడితే నాకు ఏ చికిత్స ఇస్తారు, మధ్యలో బయటికి రావచ్చా అని అడగండి. రావచ్చు, అది మీ హక్కు. సమ్మతి పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడానికి ఒకరోజు అడగండి.

గడ్డ అని వచ్చింది, క్యాన్సర్ అని రాలేదు

దవడలో వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్లు కావు. అమెలోబ్లాస్టోమా అని వస్తే అది పన్ను తయారయ్యే కణాల నుంచి పుట్టిన కణితి. సాధారణంగా ఒళ్లంతా పాకదు, కానీ ఎముకను తినేస్తుంది, గీకి వదిలేస్తే మళ్లీ వస్తుంది. వీటిలో చాలావాటికి బీరాఫ్ అనే జన్యువులో ఒకే మార్పు ఉందని 2014లో కనుక్కున్నారు. దాని మీద పనిచేసే మందులు వేరే క్యాన్సర్ల కోసం అప్పటికే ఉన్నాయి. పెద్ద గడ్డకు, తిరగబెట్టిన గడ్డకు ఆ పరీక్ష చేయించవచ్చా అని అడగండి. ఓడొంటోజెనిక్ కెరటోసిస్ట్ అన్న పేరు కూడా గందరగోళం పెడుతుంది. 2005లో దాన్ని కణితి అని పేరు మార్చారు, 2017లో మళ్లీ తిత్తి అన్నారు. పాత రిపోర్టులో ట్యూమర్ అని, కొత్తదానిలో సిస్ట్ అని ఉంటే జబ్బు మారలేదు, మా పేర్ల పట్టిక మారింది.

చివరగా, బ్లాకులు

ల్యాబ్‌లో మీ ముక్క మైనపు బ్లాకులో భద్రంగా ఉంటుంది. ఊరు మారినా, ఆసుపత్రి మారినా, రెండో అభిప్రాయం కావాలన్నా బ్లాకులు, స్లైడ్లు రెండూ అడిగి తీసుకోండి. కాగితం ఒక్కటే తీసుకెళ్తే అక్కడ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. రసీదు మీద బ్లాకు నంబర్లు రాయించుకోండి. ఎండలో, వేడి కారులో పెట్టకండి, మైనం కరుగుతుంది.

పిన్నికి ఇది ఎనిమిదో ఏడాది. తన ఫైలులో పై కాగితం మీద తన చేత్తోనే నాలుగు గీతలు గీసుకుంది: లోతు 6, గ్రంథులు 31లో 1, పెంకు చీలలేదు, అంచు 6. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ అది తీసి డాక్టరు ముందు పెడుతుంది. నాలుక పక్కన ఏదైనా గరుగ్గా తగిలితే నాకు ఫోను చేస్తుంది. నేను ఫోనులో ఏమీ చెప్పను. టార్చి తీసుకుని వెళ్తాను.